బండి ముచ్చట: ముందర ప్లేట్ లేకుంటే ఏమైతది?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజులు చూస్తే సగానికి ఎక్కువ నంబర్ ప్లేట్లు, పార్కింగ్ చలాన్ల మీదనే ఉన్నయి. మైలేజ్ గురించి, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ గురించి అడిగినోళ్ళు జర ఆగండి, వచ్చే నెల మీదే. పేర్లు వేయొద్దని చానామంది అడిగిన్రు కాబట్టి ఎవ్వరి పేర్లూ వేస్తలేను, ఊరు ఒక్కటే వేస్తున్న.

నల్లగొండ రామగిరి నుంచి ఒక తమ్ముడు: అన్నా, నా బైక్ ముందర ప్లేట్ ఎప్పుడో పగిలి పడిపోయింది, వెనుకది మంచిగనే ఉంది. మొన్న గడియారం సెంటర్ల ఆపి ముందర ప్లేట్ ఏదని చలాన్ వేసిన్రు. వాళ్ళు ఫోటో కొట్టేదే వెనుక నుంచి గదా, ముందర ప్లేట్‌తోని వాళ్ళకేం పని? ఇది రూలా, లేకపోతే టార్గెట్ కోసం వేసిన్రా?

జవాబు: రూలే తమ్మీ. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్‌ల 50వ రూల్ అని ఉంటది, ఏ మోటారు బండికైనా నంబర్ ముందర, వెనుక రెండు దిక్కులా స్పష్టంగా కనపడాలె అని అందులనే రాసి ఉంది. బైక్‌కు ఒకటి చాలు, కారుకు రెండు అని ఎక్కడా లేదు. ఇంకో ముచ్చట, బైక్ ముందరి నంబర్ హ్యాండిల్‌కు సమానంగా, ఎదురుంగ వచ్చేటోనికి కనపడేటట్టు ఉండాలె, మడ్‌గార్డ్ మీద పొడుగ్గ పక్క నుంచి చదివేటట్టు కాదు. పాత బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు చూసినోళ్ళకు యాదికి వస్తది, మడ్‌గార్డ్ మీద వంకర రేకు నిలబెట్టి రెండు పక్కల నంబర్ రాసేటోళ్ళు, చూడనీకి మస్తుండేది గానీ ఇప్పుడు అది చెల్లదు.

సైజు కూడా ఎవరిష్టం వాళ్ళది కాదు. బైక్ ముందర అక్షరాలు, అంకెలు 30 మిల్లీమీటర్ల ఎత్తుండాలె, వెనుక అక్షరాలు 35, అంకెలు 40. కార్లకైతే రెండు దిక్కులా 65. 51వ రూల్‌ల పట్టిక వేసి మరీ ఇచ్చిన్రు. నంబర్ చిన్నగ రాసి మధ్యల దేవుని బొమ్మ, హీరో బొమ్మ, కులం పేరు, "నాన్నకు ప్రేమతో" ఇవన్నీ ప్లేట్ మీద రాయొద్దని కూడా రూల్ల ఉంది. ప్రకాశం బజార్ల స్టిక్కర్ కొట్టేటాయన ఎంత మంచిగ కొట్టిచ్చినా సరే, 8055 అని రాసి బాస్ అని చదివిస్తే అది ఫ్యాన్సీ కిందికే వస్తది.

ఇగ నీ ప్రశ్నల అసలు ముచ్చట, వెనుక నుంచి ఫోటో కొడుతుంటే ముందర ప్లేట్ ఎందుకని. టౌన్ల కానిస్టేబుల్ చేతిలో కెమెరాతో వెనుక నుంచి కొట్టే మాట నిజమే, హెల్మెట్, ట్రిపుల్ రైడింగ్ అట్లనే దొరుకుతయి. కానీ హైవే మీద టోల్ ప్లాజాల దగ్గర కెమెరా చదివేది ఎక్కువగ ముందరి నంబరే, కొర్లపహాడ్‌ల చూడు, పంతంగిల చూడు. ఎవడన్నా గుద్ది పోతే ఎదురుంగ ఉన్న షాప్ సీసీ కెమెరాల పడేది కూడా ముందరిదే. అంటే నీ బండి ఎవడన్నా ఎత్తుకపోతే దాన్ని పట్టిచ్చేది ఆ పగిలిన ప్లేటే, పోలీసోళ్ళ కోసం ఒక్కటే కాదు.

నీ బండి 2019 ఏప్రిల్ 1 తర్వాత కొన్నదైతే షోరూమ్‌లనే హై సెక్యూరిటీ ప్లేట్ బిగించి ఇచ్చి ఉంటరు. బైక్ ముందర 285 బై 45 మిల్లీమీటర్లు, వెనుక 200 బై 100. మూలకు అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగుల ఐఎన్‌డీ, లేజర్‌తోని చెక్కిన సీరియల్ నంబర్, వెనుక ప్లేట్‌కు ఒకసారి తీస్తే విరిగిపోయే లాక్. ఇది పగిలితే రోడ్డు పక్కన కొత్తది కొట్టిస్తే అచ్చం అట్లనే కనపడొచ్చు గానీ, ఆ లేజర్ నంబర్ మీ బండి రికార్డుకు కలిసి ఉండదు, కాబట్టి అది నకిలీ కిందనే లెక్క. పగిలిన ముక్క పారేయకుండా కంపెనీ డీలర్ దగ్గరికి పో, పగిలిన ఒక్క ప్లేట్‌కే మారుస్తరు, రెండూ కొనాల్సిన పని లేదు. పగల్లేదు, ఎవడో ఎత్తుకపోయిండు అనుకుంటే మాత్రం ముందుగాల పోలీస్ స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యి, తర్వాతనే డీలర్. ఎందుకనేది కింద మిర్యాలగూడ ఆయన ఉత్తరం చదివితే నీకే తెలుస్తది.

బండి 2019 కన్నా ముందుదైతే, పాత బండ్లకు కూడా హై సెక్యూరిటీ ప్లేట్ వేయించుకోవాలని 2025ల మన రాష్ట్రంల ఉత్తర్వు ఇచ్చిన్రు. బుక్ చేసే ముందు రవాణా శాఖ సైట్ల గడువు, ఫీజు చూసుకో. గూగుల్ల ముందుగాల వచ్చిన సైట్ల పైసలు కట్టకు, వాటిల దొంగ సైట్లు మస్తున్నయి.

మిర్యాలగూడ నుంచి ఒక రైతు: సార్, నేను బండి మీద మా ఊరు, పొలం, మిల్లు, ఇంతకన్నా దూరం పోను. నా ఫోన్‌కు హైదరాబాద్ల ట్రిపుల్ రైడింగ్ అని, రాంగ్ రూట్ అని చలాన్లు వస్తున్నయి. ఆ రోజు నేను ఐకేపీ సెంటర్ల వడ్లు కాంటా పెట్టిస్తున్న. ఇవి నేనెందుకు కట్టాలె? కట్టకుంటే బండి గుంజుకపోతరా?

జవాబు: మీరు కట్టొద్దు, కానీ ఊకే కూసోవద్దు కూడా. ముందుగాల పిల్లలతోని ఈ-చలాన్ సైట్ తెరిపిచ్చి బండి నంబర్ కొట్టిచ్చి, ఒక్కో చలాన్ పక్కన ఉన్న ఫోటో చూడండి. పైసలెంతనో చూస్తరు గానీ ఫోటో తెరిచి చూసేటోళ్ళు మస్తు తక్కువ, మీ కేసుల మొత్తం అండ్లనే ఉంటది. ఫోటోల మూడు రకాలు జరుగుతయి. ఒకటి, నంబర్ ఎక్కిచ్చేటప్పుడు పొరపాటు, 8ని బీ అనుకునుడు, 1ని 7 అనుకునుడు, ఫోటోల బండి వేరే కంపెనీది ఉంటది, ఇది సులువు. రెండోది, బండి మీదే, నడిపింది మీ బామ్మర్ది కొడుకు, ఇది ఇంట్ల తేల్చుకోండి, నేను మధ్యల రాను. మూడోది అసలైన తలనొప్పి, అచ్చం మీ బండి లాంటిదే, అదే కలర్, మీ నంబర్ వేసుకోని తిరుగుతున్నడు ఎవడో.

మొదటిదైతే అదే సైట్ల కంప్లైంట్ పెట్టొచ్చు, మీ బండి ఫోటో, ఆర్సీ ఫోటో జత చెయ్యాలె. ఫోటో తీసేటప్పుడు ముందర ఒకటి, వెనుక ఒకటి, పక్క నుంచి ఒకటి తీయండి. ఇక్కడనే ముందర ప్లేట్ పనికొస్తది, మీ బండి రెండు ప్లేట్లు సక్కగ ఉండి, లేజర్ నంబర్ కనపడుతుంటే, చలాన్ ఫోటోల ఉన్న బండి వేరేదని చెప్పుడు చిటికెల పని. మీ బండికే ముందర ప్లేట్ లేకుంటే ఆఫీసరైనా ఎట్ల నమ్ముతడు చెప్పండి.

మూడోదైతే ఆన్‌లైన్ కంప్లైంట్‌తోని ఆగొద్దు. మీ దగ్గరి స్టేషన్ల రాతపూర్వకంగా ఇయ్యండి, నా నంబర్ వేరే బండి మీద తిరుగుతున్నది అని. నంబర్ మార్చి తిరిగేటోళ్ళ మీద చీటింగ్ కేసులు పెడుతున్నరు, పాత ఐపీసీల 420, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితల అది 318. రేపు ఆ బండి మీద చైన్ స్నాచింగ్ చేసినా, మనిషిని గుద్దినా ముందుగాల మీ ఇంటి తలుపే కొడ్తరు. ఆ రోజు చేతిల ఈ కంప్లైంట్ రసీదు ఉంటే మీ మాటకు బలం ఉంటది. ఐకేపీ సెంటర్ల ఆ తారీఖుతోని ఇచ్చిన చిట్టీ ఉంటే అది కూడా దాయండి.

ఇంకొకటి, ఎలక్ట్రానిక్ కెమెరాల మీద 2021 ఆగస్టుల కేంద్రం రూల్ 167ఏ తెచ్చింది. తప్పు జరిగిన 15 రోజుల్లోపల నోటీస్ పంపాలని, ఆ రికార్డు చలాన్ తేలేదాకా దాచాలని, కెమెరా ఉన్న జాగల ముందుగాల్నే బోర్డు పెట్టాలని అందుల ఉంది. దానికి ఇచ్చిన 132 ఊర్ల లిస్టుల హైదరాబాద్‌తో పాటు మన నల్లగొండ కూడా ఉంది. చానామందికి ఈ సంగతే తెల్వదు.

పాలమూరు న్యూటౌన్ నుంచి ఒక అక్క: మాది బట్టల దుకాణం. మా దుకాణం ముందర మా స్కూటీ పెట్టుకుంటే నో పార్కింగ్ అని ఫోటో కొట్టి చలాన్ పంపిన్రు. అక్కడ నో పార్కింగ్ బోర్డు లేదు, మేం కిరాయి కడుతున్నం, మా దుకాణం ముందర మేం పెట్టుకోవద్దా? మా పక్కాయన కారు రోజంతా అక్కడనే ఉంటది, ఆయనకు ఒక్క చలాన్ రాదు.

జవాబు: అక్కా, చెప్తే కోపం వస్తది గానీ, దుకాణం ముందరి రోడ్డు దుకాణపోళ్ళది కాదు. మీరు కిరాయి కట్టేది షట్టర్ లోపలికే. రోడ్డు, ఫుట్‌పాత్ మున్సిపాలిటీవి, లేకపోతే ఆర్ అండ్ బీవి. మెట్ల ముందర రాయి పెట్టి, తాడు కట్టి, "కస్టమర్ పార్కింగ్ ఓన్లీ" అని బోర్డు పెట్టేటోళ్ళకు కూడా ఇదే మాట, ఆ బోర్డుకు ఏ విలువా లేదు.

ఇగ బోర్డు లేదన్న ముచ్చట. బోర్డు లేకున్నా కొన్ని జాగలల బండి పెట్టొద్దని 2017 నాటి డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లనే ఉంది. ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ దగ్గర, చౌరస్తా మొదట్ల, మూల మలుపుల మీద, బస్‌స్టాప్ దగ్గర, బడి, దవాఖాన గేట్ల ముందర, ఇంకొకరి గేట్‌కు అడ్డంగ, అప్పటికే పెట్టిన బండి పక్కన రెండో వరుసగ, ఇవన్నీ బోర్డు లేకున్నా తప్పే. కాబట్టి మీరు చూడాల్సింది బోర్డు ఉందా లేదా అని కాదు, ఫోటోల స్కూటీ ఎక్కడుంది అని. ఫుట్‌పాత్ మీద చక్రం ఉందా, తెల్ల గీత దాటి ఉందా. గీత లోపల, రోడ్డుకు అడ్డం లేకుండా, ఈ లిస్టుల లేని జాగల ఉండి కూడా బోర్డు లేకుండా చలాన్ వేసిన్రంటే మీరు గట్టిగ కంప్లైంట్ పెట్టొచ్చు. ఫోటో పంపిన్రు కాబట్టి చెప్తున్న, మీ స్కూటీ ముందు చక్రం ఫుట్‌పాత్ మీదనే ఉంది.

పక్కాయన కారుకు చలాన్ ఎందుకు రాలేదంటే, నేను ఊహించి రాయను గానీ, ఆయన బండి ముందర ప్లేట్ ఒకసారి చూడండి, గోడకు ఆనిచ్చి వెనుక భాగం లోపలికి పెట్టి, ముందర ప్లేట్ లేకుంటే ఫోటోల నంబరే పడదు. చానామంది ఈ తెలివి చేస్తున్నరు. కానీ అట్లాంటి బండికి ఫోటోతో పని లేదు. మోటార్ వెహికల్ చట్టంల సెక్షన్ 127 ప్రకారం, పార్కింగ్ వద్దన్న జాగల ఉన్నా, రోడ్డు మీద 10 గంటలకు పైన ఎవరూ లేకుండా వదిలేసినా, యూనిఫాంల ఉన్న పోలీస్ అధికారి చెప్తే టోయింగ్ బండితో ఎత్తుకపోవచ్చు, లేకుంటే చక్రానికి లాక్ వేయొచ్చు, ఆ ఖర్చు ఓనరే కట్టాలె. పక్కాయనకు మీరే చెప్పండి, కంప్లైంట్ పెట్టేదానికంటే ముందు చెప్తే పక్క దుకాణంతోని సంబంధం కూడా చెడకుండా ఉంటది.

నిజానికి క్లాక్ టవర్ చుట్టుపక్కల పెట్టుకోనీకి జాగ ఎక్కడుందని మీరడిగితే నా దగ్గర కూడా సక్కటి జవాబు లేదు. గల్లీ గల్లీకి సెల్లార్లు పార్కింగ్ కోసం పర్మిషన్ తీసుకోని గోదాములు, ట్యూషన్ సెంటర్లు చేసిన్రు. చలాన్ వేసే ముందు ఆ సెల్లార్లు ఖాళీ చేపిస్తే సగం గొడవ పోతదని నా అభిప్రాయం. షాపింగ్ మాల్స్‌లనైతే 2018ల వచ్చిన జీవో 63 ప్రకారం మొదటి 30 నిమిషాలు పార్కింగ్ ఫ్రీ, బిల్లు చూపిస్తే గంట దాకా ఫ్రీ, గంట దాటినా పార్కింగ్ ఫీజు కన్నా బిల్లు ఎక్కువుంటే ఫ్రీ. గేట్ దగ్గర పిల్లగాడు చిట్టీ చింపి 20 రూపాయలు అడిగితే జీవో 63 అని ఒక్క మాట అనండి.

దేవరకొండ నుంచి: నా కారు నంబర్ టీఎస్ 05తో ఉంది. ఇప్పుడు టీజీ వచ్చింది గదా, మార్పియ్యాలె అంటున్నరు. ఎస్ మీద జీ స్టిక్కర్ అంటిస్తే నడుస్తదా?

జవాబు: నడవదు, అసలు అవసరమే లేదు. 2024 మార్చి 15 నుంచి కొత్తగ రిజిస్టర్ అయ్యే బండ్లకే టీజీ. టీఎస్ బండ్లు టీఎస్ తోనే తిరుగుతయి, ఏపీ 24 నల్లగొండ బండ్లు, ఏపీ 22 పాలమూరు బండ్లు ఇప్పటికీ తిరుగుతలేవా. ఆర్సీల టీఎస్ ఉండి ప్లేట్ మీద టీజీ ఉంటే అది తప్పుడు నంబర్ అవుతది, అభిమానం అని చెప్తే ఎవరూ ఇనరు.

జడ్చర్ల నుంచి: కారు ముందర ప్లేట్ పైన ఎర్ర రంగుల "ప్రెస్" అని, ఇంకొకాయన "ఎంపీటీసీ" అని రాసుకున్నరు, వాళ్ళనెందుకు ఆపరు?

జవాబు: ప్లేట్ మీద నంబర్ తప్ప ఏ పదవీ రాయొద్దు, పోలీస్ అని కూడా. మన దగ్గర అసలు సర్పంచ్ కన్నా సర్పంచ్ భర్త కారు మీద అక్షరాలు పెద్దగ ఉంటయి. ఆపుతరా ఆపరా అంటే స్పెషల్ డ్రైవ్ పెట్టినప్పుడు ఆపుతరు, తర్వాత మళ్ళీ మామూలే.

నకిరేకల్ దగ్గరి నుంచి ఒక ట్రాక్టర్ ఓనర్: దసరాకు ఆయుధ పూజ చేసి బంతిపూల దండ కట్టి, ప్లేట్‌కు పసుపు కుంకుమ పెట్టినం. రెండు రోజులకు ఆపి నంబర్ కనపడుతలేదని రాసిన్రు. పండుగ పూట కూడా ఇట్ల చేస్తరా?

జవాబు: పండుగ నాడు ఆపితే నేను మీ దిక్కే, కానీ రెండు రోజులకు దండ ఎండిపోయి ప్లేట్ మీదికి జారి ఉంటది. దండ బ్యానెట్ మీద కట్టండి, బొట్టు ఇంజన్‌కు పెట్టండి, నంబర్ వదిలేయండి. మీకు అంతకన్నా పెద్ద సమస్య ట్రాలీది. ట్రాలీకి వేరే నంబర్ ఉంటది, సగం ట్రాలీలకు ఆ నంబర్ రాసే ఉండదు, ఉన్నా మట్టి కింద ఉంటది. రాత్రిపూట వడ్ల ట్రాలీకి వెనుక లైట్ లేదు, రేడియం లేదు, నంబర్ లేదు, వెనుక నుంచి బైక్‌ మీద వచ్చే పిల్లగాడు గుద్దితే ఏమైతదో మన జిల్లాల కొత్తగ చెప్పాల్సిన పని లేదు. రేడియం టేప్‌కు అయ్యే ఖర్చు ఒక బస్తా వడ్ల పైసలు కూడా కాదు.

వనపర్తి నుంచి ఒక డిగ్రీ పిల్లగాడు: చౌరస్తాల హోంగార్డు నా బండి తాళం గుంజుకున్నడు. ఆర్సీ ఫోన్ల ఉందని చూపిస్తే ఒరిజినల్ కావాలన్నడు. అట్ల చెయ్యొచ్చా?

జవాబు: తాళం గుంజుకునే అధికారం చట్టంల ఎవ్వరికీ రాసి లేదు. యూనిఫాంల ఉన్న పోలీస్ అధికారి అడిగితే లైసెన్స్ చూపెట్టుడు నీ బాధ్యత, అది సెక్షన్ 130. డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లల్ల ఉన్న ఆర్సీ, లైసెన్స్ ఒరిజినల్‌తో సమానమని 2018ల 139వ రూల్ మార్చిన్రు, గ్యాలరీల దాచుకున్న ఫోటో మాత్రం చెల్లదు, ఈ తేడా యాది పెట్టుకో. లైసెన్స్ తీసుకుంటే రసీదు ఇయ్యాలె. బండి సీజ్ చేయాలంటే రిజిస్ట్రేషన్ లేకపోవుడు, లైసెన్స్ లేకపోవుడు లాంటి కారణం ఉండాలె. హోంగార్డు ట్రాఫిక్ చూసుకునేటందుకు ఉంటడు, సొంతంగ ఫైన్ వేయరాదు.

కానీ తమ్మీ, నడి రోడ్డు మీద సెక్షన్లు చదివి వీడియో తీసి గొంతు పెంచకు. ఎండల పొద్దంతా నిలబడ్డ మనిషి ఆయన. "సార్‌తోని మాట్లాడుత, సార్ ఎక్కడున్నడు" అని మెల్లగ అడుగు, ఎస్సై దగ్గరికి పో, తాళం అక్కడ దొరుకుతది. తర్వాత అన్యాయం అనిపిస్తే రాతపూర్వకంగ ఎస్పీ ఆఫీస్‌కు ఇయ్యి. అన్నట్టు వాట్సాప్‌ల తిరిగే 5 వేలు, 10 వేలు ఫైన్ల లిస్ట్ చూసి భయపడకు, అక్కడికక్కడ కట్టే ఫైన్ ఎంతనేది సెక్షన్ 200 కింద రాష్ట్రమే నిర్ణయిస్తది, ఢిల్లీ లిస్ట్ మనకు కాదు.

నల్లగొండ నుంచి ఒక రిటైర్డ్ టీచర్: మా అబ్బాయి అమెరికాలో అట్లాంటాలో ఉండేవాడు, ఈమధ్య డల్లాస్ మారాడు. ఇంటి ముందు పార్క్ చేసిన కారుకు ముందు నంబర్ ప్లేట్ లేదని టికెట్ పెట్టారట. ఇన్నేళ్ళూ ఆ కారుకు ముందు ప్లేట్ లేదు, ఎవరూ అడగలేదు. అంత పెద్ద దేశంలో ఒక్కో ఊరికి ఒక్కో రూలా?

జవాబు: ఊరికి కాదు మాస్టారూ, రాష్ట్రానికి ఒకటి. మన దగ్గర కేంద్రం రూల్ కాబట్టి కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా రెండు ప్లేట్లు. అక్కడ నంబర్ ప్లేట్ రాష్ట్రాల చేతుల ఉంటది. మీ అబ్బాయి ఇంతకుముందు ఉన్న అట్లాంటా జార్జియాల ఉంది, అక్కడ వెనుక ఒక్కటే, ఫ్లోరిడా, పెన్సిల్వేనియా, మిషిగన్‌ల కూడా అంతే. డల్లాస్ ఉన్న టెక్సస్‌ల, కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల రెండూ కావాలె. ఒహాయో 2020 జూలైల ముందరిది తీసేసింది, యూటా 2025 జనవరి నుంచి తీసేసింది. వెనుక ఒక్కటే ప్లేట్ ఉండే రాష్ట్రంల కొన్న కారుకు చానాసార్లు ముందర బంపర్‌కు ప్లేట్ బిగించే రంధ్రాలే ఉండవు, అందుకే డల్లాస్ వచ్చిన కొత్తల మనోళ్ళు చానామంది ఇట్లనే దొరుకుతరు.

టెక్సస్‌ల ఉండనీకి వచ్చినోళ్ళు 30 రోజులల్ల కారు అక్కడ రిజిస్టర్ చేయించుకోవాలె, అప్పుడు వాళ్ళే రెండు ప్లేట్లు ఇస్తరు, రెండూ పెట్టాలె. ఫైన్ 200 డాలర్ల దాకా ఉండొచ్చు. మీ అబ్బాయి వచ్చి ఇంకా 30 రోజులు కాకుంటే, జార్జియా ప్లేట్ చెల్లుబాటుల ఉంటే, ఆ కాగితాలు తీసుకోని కోర్టుల మాట్లాడుకోవచ్చు, టికెట్ వెనుక కోర్టు వివరం ఉంటది, తారీఖు దాటనియ్యొద్దని చెప్పండి. బంపర్‌కు రంధ్రాలు చేయుడు ఇష్టం లేకుంటే టో హుక్ ఉండే జాగల బిగించే బ్రాకెట్ దొరుకుతది. ఇంకో చిన్న ముచ్చట, వెనుక ఒక్కటే ప్లేట్ ఉండే రాష్ట్రాలల్ల కొన్ని యూనివర్సిటీ పార్కింగ్‌లల్ల కారు రివర్స్‌ల పెట్టొద్దని బోర్డులుంటయి, నంబర్ కనపడదని. పైన పాలమూరు అక్క పక్కాయన తెలివి వాళ్ళకు ముందే తెలుసు అన్నట్టు.

సూర్యాపేట నుంచి: చలాన్లు మస్తు పెండింగ్ ఉన్నయి. మళ్ళీ డిస్కౌంట్ ఎప్పుడిస్తరు? ఆగాలా, కట్టాలా?

జవాబు: 2022 మార్చిల బైక్‌లకు 75 శాతం తీసేసిన్రు, మళ్ళీ 2023 డిసెంబర్ 26 నుంచి బైక్‌లు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం తగ్గిచ్చి, గడువు పొడిగిస్తూ 2024 ఫిబ్రవరి 15 దాకా తీసుకపోయిన్రు. అప్పటికే నిజాయితీగ మొత్తం కట్టినోళ్ళు ఏమనుకున్నరో నన్నడగకండి. అప్పటి నుంచి చలాన్ పడితే "ఉండనీ, డిస్కౌంట్ వస్తది" అనుడు మనకు అలవాటైంది, ఇది ఇచ్చినోళ్ళ తప్పు, తీసుకున్నోళ్ళది కాదు. నా మాటైతే ఒకటి రెండు ఉంటే కట్టేయండి, ఒక్కో చలాన్ మీద ఉన్న 35 రూపాయల యూజర్ ఛార్జీతో కలిపి చూసినా పెద్ద లెక్క కాదు. ఎక్కువుంటే ముందుగాల ఫోటోలు చూసి, మీవి కానివి కంప్లైంట్‌ల పెట్టి, మిగిలినవాటికి లోక్ అదాలత్ తారీఖు కనుక్కోండి.

నాగర్‌కర్నూల్ నుంచి: బండి కన్సల్టెన్సీల అమ్మేసి రెండేళ్ళైంది, ఆయన ఇంకెవరికో అమ్మిండట. చలాన్లు ఇప్పటికీ నాకే వస్తున్నయి. మొన్న వచ్చిన ఫోటోల ముందర ప్లేట్ కూడా లేదు.

జవాబు: బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి ఇచ్చి వచ్చిన్రు, కొన్నాయన మీద ఆర్సీ మారలేదు, అంతే గదా. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే ఓనర్ అని 2018ల సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అది యాక్సిడెంట్ నష్టపరిహారం కేసు, అంటే ఆ బండి ఎవరినన్నా గుద్దితే పరిహారం మీ మెడకు చుట్టుకుంటది, చలాన్లు అయితే చిన్న ముచ్చట. అమ్మినోళ్ళు 14 రోజులల్ల ఆర్టీఏకు తెలపాలని సెక్షన్ 50ల ఉంది. అప్పుడు చేయలేదు, ఇప్పుడన్నా ఆర్టీఏ ఆఫీస్‌ల అమ్మిన తారీఖు, కన్సల్టెన్సీ రసీదు, మీరు సంతకం పెట్టిన ఫారం జిరాక్స్ ఉంటే జత చేసి కాగితం ఇయ్యండి, స్టాంప్ వేయించుకోండి. రసీదు లేకుంటే కన్సల్టెన్సీ ఆయన దగ్గర కూసోని ఎవరికమ్మిండో రాయించుకోని రండి. ఇయ్యనంటే ఆ మాట కూడా కంప్లైంట్‌ల రాయండి. 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని, బండి తమ చేతికి వచ్చినట్టు ఆన్‌లైన్ల తెలపాలని రూల్ వచ్చింది, ఈసారి అమ్మేటప్పుడు ఆ ఆథరైజేషన్ ఉన్నోని దగ్గరనే అమ్మండి. ముందర ప్లేట్ లేని ఆ ఫోటో ప్రింట్ తీసి స్టేషన్‌కు కూడా ఒక కాపీ ఇయ్యండి, ప్లేట్ పీకేసినోడు బండిని ఏం పనికి వాడుతున్నడో వాళ్ళే చూసుకుంటరు.